కాటలాన్ పెద్దాయన మౌన సమ్మె

స్ట్రోక్ వచ్చి మాట పడిపోయిన మనిషి నోట్లోంచి మళ్లీ మొదటి మాట వచ్చినప్పుడు ఎలా ఉంటుందో, మా వృత్తిలో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పేషెంటు ఏడుస్తారు, పక్కనున్న భార్యో భర్తో ఏడుస్తారు, మేం ఏడవనట్టు నటిస్తాం. తర్వాత అందరం చప్పట్లు కొడతాం. స్పీచ్ థెరపిస్టుగా పనిచేసిన ఏళ్లలో అలాంటి చప్పట్లు చాలాసార్లు కొట్టాను. కానీ మాట వచ్చినందుకు అవమానపడి, గోడవైపు తిరిగి పడుకున్న పేషెంటును ఒక్కరినే చూశాను. రిటైరయ్యాక కుర్ర థెరపిస్టులు ఎవరైనా "ఆంటీ, మీరు మర్చిపోలేని కేస్ ఏది?" అని అడిగితే నాకు ముందు ఆయనే గుర్తొస్తారు. అడిగినవాళ్లు ఏదో కన్నీళ్ల కథ వినడానికి సిద్ధంగా కూర్చుంటారు. చివరికి నవ్వుకుంటూ లేస్తారు.

అప్పట్లో నేను అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని క్యారీ అనే ఊళ్లో ఒక రిహాబ్ సెంటర్‌లో పనిచేసేదాన్ని. జూన్‌లో, అక్కడ ఎండాకాలం మొదలవుతుండగా ఆయన్ని ఆసుపత్రి నుంచి మా దగ్గరకు తెచ్చారు. డెబ్భై దాటిన మనిషి. ఎత్తయిన నుదురు, దట్టమైన తెల్ల కనుబొమలు. వీల్‌చెయిర్‌లో కూర్చున్నా ఏదో సభకు అధ్యక్షత వహిస్తున్నట్టే ఉండేవారు. మెదడులో ఎడమవైపు స్ట్రోక్. కుడిచెయ్యి బలహీనపడింది, మాట పూర్తిగా పోయింది. ఫైల్లో భాష అన్నచోట "స్పానిష్" అని ఉంది. సరే అని స్పానిష్ ఇంటర్‌ప్రెటర్‌ను పిలిపించాం. ఆవిడది కొలంబియా. గదిలోకి వస్తూనే వాతావరణం మార్చేసే మనిషి.

ఇలాంటి పేషెంట్లకు తెలివి పోదు, జ్ఞాపకమూ పోదు. మనం అన్నది చాలావరకు అర్థమవుతుంది. చెప్పాలనుకున్నది లోపల ఉంటుంది, దానికి తగిన మాట మాత్రం దొరకదు. మొదటి వారం ఆయన నోటివెంట ఒక్క అక్షరం రాలేదు. రెండో వారంలో ఒకరోజు నేను నీళ్ల గ్లాసు చూపించి ఆగాను. ఆయన పెదాలు కదిపారు, మెడ నరాలు బిగించారు.

"ఆగువా," అన్నారు.

స్పానిష్‌లో నీళ్లు. ఇంటర్‌ప్రెటర్ గాల్లోకి ఎగిరినంత పనిచేసింది. నేను చప్పట్లు కొట్టాను. పక్క బల్ల దగ్గర పనిచేస్తున్న మా ఆక్యుపేషనల్ థెరపిస్టు కూడా పరుగెత్తుకొచ్చి కొట్టింది. చేతుల పనితనం మళ్లీ నేర్పడం ఆ అమ్మాయి ఉద్యోగం. అమెరికాలోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. ఆఫీసు మొత్తంలో నన్ను ఆంటీ అని పిలిచేది తనొక్కతే.

మేం ముగ్గురం అలా చప్పట్లు కొడుతుంటే ఆయన మా ముఖాలు ఒక్కొక్కటీ చూశారు. ఎడమచేత్తో గ్లాసు పక్కకు నెట్టేశారు. గదిలోకి తీసుకెళ్లమని సైగ చేసి, మంచమెక్కి గోడవైపు తిరిగారు.

"నా స్పానిష్ అంత ఘోరంగా ఉందా?" అంది ఇంటర్‌ప్రెటర్, నిజంగానే నొచ్చుకుని.

మా తెలుగు పిల్ల నా చెవిలో అంది: "ఆంటీ, తాత సూపర్ సాడ్‌గా ఉంది. వై?"

"తాత ఉంది కాదే, ఉన్నాడు," అన్నాను అలవాటుగా.

సాయంత్రం ఆయన కూతురు వచ్చింది. దగ్గర్లోనే ఒక మందుల కంపెనీలో సైంటిస్టు. నేను శుభవార్త చెబుతున్నట్టు, "మీ నాన్నగారు ఇవాళ ఆగువా అన్నారు," అన్నాను. ఆమె పక్కనున్న కుర్చీలో కూలబడింది.

"ఆగువా అన్నారా? ఐగువా అనలేదా?"

"రెండూ ఒకటే కదా?"

"నాతో ఆ మాట అన్నారు కాబట్టి సరిపోయింది. మా నాన్నతో అనకండి," అంది. తర్వాత మెల్లగా నవ్వింది. ఆ నవ్వు కాస్త ఏడుపులాగే ఉంది.

ఆయన ఎవరో నాకు తెలిసింది ఆ రోజే. స్పెయిన్‌లో కాటలోనియా అని ఒక ప్రాంతముంది. బార్సిలోనా దాని రాజధాని. వాళ్ల భాష కాటలాన్. అది స్పానిష్‌కు యాస కాదు, వేరే భాష. నీళ్లను అందులో ఐగువా అంటారు. ఈయన జీవితమంతా ఆ భాష కోసం, ఆ ప్రాంతం హక్కుల కోసం రాజకీయం చేసిన మనిషి.

ఏటి ఒడ్డున బట్టల మిల్లులున్న చిన్న ఊళ్లో పుట్టారు. తల్లి మగ్గం మీద పనిచేసేది. ఆయన చిన్నతనంలో దేశాన్ని నియంత ఏలుతున్నాడు. బడిలో కాటలాన్ మాట్లాడకూడదు. పొరపాటున మాట్లాడిన పిల్లాడి చేతికి మాస్టారు ఒక ఇనుప ఉంగరం ఇచ్చేవాడట. వాడు ఇంకొకడిని పట్టిస్తే ఆ ఉంగరం ఆ రెండోవాడికి పోతుంది. సాయంత్రం గంట కొట్టేసరికి ఎవరి దగ్గర ఉంటే వాడికి దెబ్బలు. ఈయన తన దగ్గరకొచ్చిన ఉంగరాన్ని ఎవరికీ ఇచ్చేవారు కాదట. "అందుకే నాన్న చేతులు అంత గట్టిగా ఉంటాయి," అంది కూతురు.

పెద్దయ్యాక దొంగచాటుగా సాయంత్రం పూట మిల్లు కార్మికులకు కాటలాన్ వ్యాకరణం చెప్పేవారు. దొరికిపోయి జైలుకెళ్లారు. అక్కడ తోటి ఖైదీలకూ చెప్పారు. నియంత పోయాక ఎన్నికలొస్తే సొంత ఊరికి మేయరయ్యారు. మొదట చేసిన పని వీధుల పేర్ల పలకలన్నీ కాటలాన్‌లోకి మార్పించడం. ప్రారంభోత్సవంలో ముసుగు తీస్తే ఒక పలక మీద అక్షరదోషం కనబడింది. ఆయన సూట్ వేసుకునే నిచ్చెనెక్కి, పెయింటర్ చేతిలో కుంచె లాక్కుని, బ్యాండు వాయిస్తుండగా దిద్దారట. ఆ ఫొటో పేపర్లన్నిటిలో పడింది. దాంతోనే ఆయన ప్రాంతీయ పార్లమెంటుకు గెలిచారని గిట్టనివాళ్లు అనేవారు. తర్వాత విద్యాశాఖ మంత్రి అయ్యారు. బడులన్నీ కాటలాన్‌లో నడవాలన్నది ఆయన పట్టుదల. దానికోసం పొగిడినవాళ్లున్నారు, దిష్టిబొమ్మ తగలబెట్టినవాళ్లూ ఉన్నారు. రాజకీయాల్లో ఉన్న ఆఖరి రోజుల్లో, స్పెయిన్ నుంచి విడిపోవాలా కలిసుండాలా అని ఊళ్లకు ఊళ్లు చీలిపోయినప్పుడు, ఆయన మాట్లాడుకుని తేల్చుకుందాం అన్నారు. మాడ్రిడ్ పత్రికలు వేర్పాటువాది అన్నాయి. సొంత పార్టీ కుర్రాళ్లు పిరికివాడన్నారు. ఆ తర్వాతి ఎన్నికల్లో టికెట్ ఇవ్వలేదు. భార్య పోయాక కూతురి దగ్గరకు వచ్చారు.

"ఇంట్లో నాన్న ఒక్క స్పానిష్ ముక్క మాట్లాడగా నేను వినలేదు. ఇప్పుడు తిరిగొచ్చింది ఆ భాషే," అంది కూతురు.

రెండు మూడు భాషలు వచ్చినవాళ్లకు స్ట్రోక్ తర్వాత ఏది ముందు తిరిగొస్తుందో ఎవరమూ చెప్పలేం. ఒక్కొక్కరికి ఉగ్గుపాల భాష ముందొస్తుంది, ఒక్కొక్కరికి బడి భాష, ఒక్కొక్కరికి ఎప్పుడో పక్కన పెట్టేసింది. ఇందులో మనిషి ఇష్టాయిష్టాల ప్రసక్తి లేదు. అది నాకు పుస్తకాల్లో తెలుసు. ఆయనకు మాత్రం అది వెన్నుపోటు. ఉంగరం ఇచ్చిన మాస్టారు ఇన్నేళ్లకు లోపలినుంచి గెలిచినట్టు.

మర్నాడు ప్రణాళిక మార్చాను. కూతురి దగ్గర కాటలాన్ మాటలు రాయించుకున్నాను. రొట్టె బొమ్మ చూపించాను. స్పానిష్‌లో రొట్టె "పాన్". కాటలాన్‌లో "పా". తేడా అంతా చివర్లో ఒక్క నకారం. ఆయన కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ఎంతో జాగ్రత్తగా నోరు తెరిచారు.

"పా... న్."

తొడమీద గుద్దుకున్నారు. మళ్లీ ప్రయత్నించారు. మళ్లీ ఆ నకారమే వచ్చి కూర్చుంది. నాలుగోసారి కార్డు విసిరేశారు. అది వెళ్లి మా తెలుగు పిల్ల కాఫీ కప్పులో పడింది.

ఆ రోజు నుంచి సమ్మె. వచ్చేవారు, కూర్చునేవారు, కుడిచేతి వ్యాయామాలన్నీ బుద్ధిగా చేసేవారు. నోరు మాత్రం తెరిచేవారు కాదు. స్పానిష్ వస్తోందని ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. రానివ్వడం లేదు. జైల్లో నిరాహార దీక్ష చేసిన అనుభవం ఉన్న మనిషితో మొండితనంలో పోటీ పడగలమా?

మా డైరెక్టర్ ఈ నార్త్ కరోలినాలోనే పుట్టిన పెద్దావిడ. తిట్టినా పొగిడినా "హనీ" అనే మొదలుపెడుతుంది. ఒకరోజు నన్ను పిలిచి, "హనీ, ఆయన ప్రయత్నించడం లేదు. ప్రయత్నించే వాళ్లు బయట ఎదురుచూస్తున్నారు. జులై నెలాఖరుకు ఏదైనా కనబడకపోతే ఆయన్ని పంపించెయ్యాలి," అంది. ఆవిడ తప్పేమీ లేదు. మొదటి కొన్ని నెలల్లో వాడని మాట తర్వాత రావడం కష్టం. సమ్మె ఇలాగే సాగితే ఆయనకు స్పానిషూ పోతుంది, కాటలానూ రాదు.

ఆయనతో సూటిగా మాట్లాడాను. ఇంగ్లీషు ఆయనకు బాగానే అర్థమయ్యేది.

"సార్, మాది వరంగల్. నేను చదువుకునే రోజుల్లో క్లాసులో నోరు తెరిస్తే యాస అని నవ్వేవాళ్లు. వాళ్ల మీద కోపంతో ఒక ఏడాదంతా ఇంగ్లీషులోనే మాట్లాడాను. వాళ్లేమీ బాధపడలేదు. నాకే బోరు కొట్టింది. ఏ భాష వస్తే ఆ భాషను ముందు రానివ్వండి. దాని వెనకే రెండోది వస్తుంది."

ఆయన శ్రద్ధగా విన్నారు. ఎడమచెయ్యి ఎత్తి, చూపుడువేలు అటూ ఇటూ ఊపారు. ప్రతిపాదన తిరస్కరించబడింది.

ఇలా ఉండగా జులైలో ఒకరోజు కూతురు కంగారుగా వచ్చింది.

"ఒక సమస్య. నాన్న పాత శత్రువు వస్తానంటున్నాడు."

పార్లమెంటులో ఎదురుపక్క కూర్చున్న నాయకుడట. స్పెయిన్ ఒక్కటిగా ఉండాలనే పార్టీ ఆయనది. కాటలాన్ బడుల చట్టం మీద ఇద్దరూ గొంతులు పోయేలా పోట్లాడుకున్నారు. ఆయన సభలో ఎప్పుడూ స్పానిష్‌లో తప్ప మాట్లాడేవాడు కాడట. ఇప్పుడు అమెరికాలోనే షామ్‌బర్గ్ అనే ఊళ్లో ఉన్న కొడుకు దగ్గరకు వచ్చాడు. స్ట్రోక్ సంగతి తెలిసినప్పటి నుంచి ప్రతివారం ఫోన్ చేస్తున్నాడు. విమానం టికెట్ కూడా కొనేశాడు.

"నాన్న ఈ స్థితిలో ఆయన కంటబడితే చచ్చిపోతారు. అందులోనూ స్పానిష్‌లో ఏదైనా మాట జారితే..."

నేను రానివ్వమన్నాను. ధైర్యంతో కాదు. మిగతా దారులన్నీ అయిపోయాయి కాబట్టి.

ఆ రోజు ఎండ ఎలా ఉందంటే, పార్కింగ్‌లో కారు దిగి తలుపు దాకా వచ్చేలోపు చొక్కా ఒంటికి అంటుకుపోయేలా ఉంది. మా పెద్దాయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. అతిథి వస్తున్నాడని కూతురు ముందే చెప్పింది. దాంతో పొద్దున్నుంచీ మా ఎవరి ముఖమూ చూడలేదు. నేను, మా తెలుగు పిల్ల, ఇంటర్‌ప్రెటర్ ఏదో పనున్నట్టు ఆ గదిలోనే తచ్చాడుతున్నాం.

తలుపు తెరుచుకుంది. గుండ్రటి పొట్ట, చేతికర్ర, ఆ ఎండలో కోటు, ముఖమంతా చెమట. వచ్చినాయన పలకరించలేదు, కౌగిలించుకోలేదు. గుమ్మంలోనే నిలబడి చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ, పెద్ద గొంతుతో అన్నాడు:

"ఊఫ్! కిన్ కలో!"

నాకు అర్థం కాలేదు. కూతురు ఉలిక్కిపడి, "కాటలాన్!" అని గొణిగింది. కిటికీ దగ్గరున్న తల మెల్లగా ఇటు తిరిగింది. ఒక తెల్ల కనుబొమ పైకి లేచింది.

వచ్చినాయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. రుమాలుతో విసురుకుంటూ, గదిలో అందరికీ చెబుతున్నట్టు మళ్లీ అన్నాడు: "కిన్ కలో, కిన్ కలో!"

మా పెద్దాయన పెదాలు వణకసాగాయి. పాత స్నేహమేదో గుర్తొచ్చి కన్నీళ్లు వస్తున్నాయనుకుని నేను టిష్యూ డబ్బా అందుకున్నాను. మెడ నరాలు బిగిశాయి. ముఖం ఎర్రబడింది. ఎడమచేతి చూపుడువేలు గాల్లోకి లేచింది.

"నా..." అన్నారు. "కీ... నా!"

"ఏంటి?" అన్నాడు వచ్చినాయన, చెవి ముందుకు పెట్టి.

"కీనా! కీనా కలో!"

కూతురు చేతిలో ఉన్న నీళ్ల సీసా కింద పడింది. తర్వాత తెలిసింది. "కలో" అంటే వేడి. ఆ మాట స్పానిష్‌లో మగది, కాటలాన్‌లో ఆడది. "అబ్బ, ఎంత వేడి!" అనాలంటే కాటలాన్‌లో "కీనా కలో" అనాలి. స్పానిష్ అలవాటున్నవాళ్లు "కిన్ కలో" అంటారు. ఆయన నోటివెంట తిరిగొచ్చిన మొదటి కాటలాన్ ముక్క ఒక తప్పును దిద్దడానికి వచ్చింది.

ఈసారి మేమెవరం చప్పట్లు కొట్టలేదు. అంతమాత్రం నేర్చుకున్నాం.

"నేనూ అదే అన్నాను కదా," అన్నాడు వచ్చినాయన అమాయకంగా. "కిన్ కలో."

"కీనా! కీనా!" కుర్చీ చెయ్యి మీద దెబ్బ.

"సరేలే. దానికితోడు పన్ను నొప్పి ఒకటి," అని దవడ పట్టుకుని, పన్నును కూడా మగదాన్ని చేసి ఏదో అన్నాడు.

"లా!" అని అరిచారు మా పెద్దాయన. "లా దెన్!" పన్నూ ఆడదేనట. ఆ తర్వాత ఆయాసపడుతూ, ఒక్కొక్క మాటా బావిలోంచి తోడినట్టు తోడి, పూర్తిగా ఒక వాక్యం అన్నారు. కూతురు ఏడుస్తూ నాకు అనువదించింది: "నువ్వు... ఎప్పటికీ... నేర్చుకోవు."

అన్నాక, తను ఏ భాషలో అన్నారో ఆయనకే తెలిసివచ్చింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. వచ్చినాయన అప్పుడు లేచి, వంగి, ఆ తెల్లతలను రెండు చేతులతో పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. ఇంటర్‌ప్రెటర్ నా చేతిలో ఉన్న టిష్యూ డబ్బా లాక్కుంది.

సాయంత్రం కూతురితో కలిసి ఆ అతిథిని కారు దాకా సాగనంపుతూ అడిగాను: "మీకు కాటలాన్ అంతేనా వచ్చు?"

వచ్చీరాని ఇంగ్లీషులో నవ్వుతూ చెప్పాడు. "అమ్మా, మా ఇంటావిడ కాటలాన్. నా మనవలు కాటలాన్. వేడి ఆడదో మగదో నాకు తెలియదా? కౌగిలించుకుంటే వాడు ఏడుస్తాడు. నేను తప్పు మాట్లాడితేనే వాడు మాట్లాడతాడు."

"మీకెలా తెలుసు?"

"నేను వాడి క్లాసులో కూర్చున్నవాణ్ణే. మా నాన్న తాపీమేస్త్రీ. దక్షిణం నుంచి వాళ్ల ఊరికి పనికొచ్చాం. చర్చి మేడమీద సాయంత్రం వంట క్లాసని బోర్డు ఉండేది. లోపల వ్యాకరణం. మెట్లమీద పోలీసు బూట్లు వినబడితే అందరం ఉల్లిపాయలు తరిగేవాళ్లం. ఒక వేసవంతా వాడు నా 'కిన్ కలో' దిద్దాడు."

కూతురు నోరు తెరిచింది. "నాన్న ఎప్పుడూ చెప్పలేదే!"

"ఎలా చెబుతాడు? నేను వాడి శిష్యుణ్ణంటే వాడి పార్టీలో వాడి పరువు పోదా? నా పార్టీలో నా పరువు మాత్రం మిగులుతుందా?"

"మరి సభలో ఒక్కసారైనా కాటలాన్‌లో ఎందుకు మాట్లాడలేదు?" అన్నాను.

"నాకు ఓట్లేసినవాళ్ల భాష స్పానిష్. వాళ్ల పిల్లలకు బడిలో అదీ కావాలన్నాను. ఇప్పటికీ అంటాను." కారు తలుపు తీస్తూ ఆగాడు. "పైగా కాటలాన్‌లో మాట్లాడితే వాడు నా వాదన వినడు. వ్యాకరణం దిద్దుతూ కూర్చుంటాడు."

మర్నాటి నుంచి మా థెరపీ పద్ధతే మారిపోయింది. బొమ్మల కార్డులు సొరుగులో పెట్టేశాను. పొద్దున్నే షామ్‌బర్గ్ నుంచి వీడియో కాల్ వచ్చేది. అవతల ఆయన తప్పుల తడకగా వార్తలు చదివేవాడు. ఇవతల ఈయన దిద్దేవారు. మధ్యాహ్నం నా వంతు. కాటలాన్‌లో తప్పులు మాట్లాడటానికి నేను ప్రత్యేకంగా శ్రమ పడనవసరం లేకపోయింది. నాకంటే మా తెలుగు పిల్ల ఇంకా బాగా తప్పులు మాట్లాడేది.

ఒకరోజు ఆయనే, ముక్కలు ముక్కలుగా, కూతురి అనువాదంతో నన్నొక ప్రశ్న అడిగారు. "మీ భాషలో... వేడి... ఆడదా, మగదా?"

తెలుగులో ఎండ వచ్చింది అంటాం, ఆమె వచ్చింది అంటాం, పిల్లి వచ్చింది అనే అంటాం, మగవాడి గురించి మాత్రమే వచ్చాడు అంటాం అని వివరించాను. అది అర్థమయ్యేసరికి ఆయన కనుబొమలు రెండూ లేచాయి.

"అంటే సెన్యోరా... మీరు... పిల్లి... ఒకటే?"

"వ్యాకరణంలో మాత్రమే," అన్నాను.

ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే మొదటిసారి. భుజాలు ఎగిరేలా, కళ్లు మూతపడేలా నవ్వారు.

మా తెలుగు పిల్ల మాత్రం చేస్తున్న పని ఆపేసింది. "సీరియస్లీ? ఇది నాకు ఎవరూ ఎక్స్‌ప్లెయిన్ చెయ్యలేదు ఆంటీ! నేను అమ్మ వచ్చాడు అంటే కజిన్స్ అందరూ లాఫ్ చేసేవాళ్లు. అందుకే ఇండియా ట్రిప్‌లో నేను క్వైట్‌గా ఉంటా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. దిద్దేవాళ్ల నోరు తెరుచుకుంటుంది సరే, దిద్దించుకునేవాళ్ల నోరు మూతపడుతుంది. ఒకే పని ఒకరికి మందు, ఇంకొకరికి చేదు. ఆ రోజు నుంచి ఆ పిల్ల తెలుగును దిద్దడం మానేసి, ఊరికే వినడం మొదలుపెట్టాను. ఏం చెప్పమంటారు, ఒకసారి మొదలుపెట్టాక మధ్యాహ్న భోజనం పూర్తయ్యేదాకా ఆగేది కాదు. వాళ్ల నాన్న ట్రాఫిక్‌లో చిక్కుకుని "ఏడ్చింది" అంటే నేను తలూపి పచ్చడి వడ్డించేదాన్ని.

కాటలాన్ తోవలో పడ్డాక ఆయన సమ్మె దానంతటదే సడలింది. మధ్యమధ్య స్పానిష్ మాట దొర్లితే మొదట్లో ముఖం చిట్లించేవారు, తర్వాత భుజం ఎగరేసి ముందుకు సాగేవారు. మా దగ్గర వైద్యం ముగించుకుని వెళ్లే రోజు, అందరికీ చెయ్యి అందించి, చివర్లో ఇంటర్‌ప్రెటర్ ముందు ఆగారు. ఆవిడ పాపం నెలల తరబడి ఆయనకు ఎడంగానే ఉంటూ వచ్చింది. ఆయన ఊపిరి తీసుకుని, ఎక్కడా తడబడకుండా స్పానిష్‌లో అన్నారు:

"మూచాస్ గ్రాసియాస్, సెన్యోరా."

చాలా కృతజ్ఞతలమ్మా అని. ఆ మాట ఆయన నోటివెంట జారిపడలేదు. ఆయనే ఏరి తెచ్చి ఇచ్చారు. ఆవిడ ఆ రోజంతా ఆఫీసులో ఆ మాటే అందరికీ ఆయన గొంతుతో అనుకరించి వినిపించింది.

తర్వాతి ఏడాది నేను రిటైరయ్యాను. భోజనాల గదిలో చిన్న వీడ్కోలు పెట్టారు. కేకు, ఐస్‌క్రీమ్, బెలూన్లు. చేతికర్రతో నడుచుకుంటూ, కూతురితో కలిసి ఆయనా వచ్చారు. మర్యాదకోసం మా డైరెక్టర్, "మీరూ రెండు మాటలు చెప్పకూడదూ?" అంది. ఆయన కోటు గుండీ పెట్టుకున్నారు. కూతురు ముఖంలో భయం చూసి కూడా మాకు అర్థం కాలేదు.

ఆయన కాటలాన్‌లో మొదలుపెట్టారు, కూతురు ఇంగ్లీషులో చెబుతూ వచ్చింది. ఒక్కో మాట కోసం ఆగేవారు, కిటికీలోకి చూసేవారు, దొరకగానే వేలెత్తేవారు. నా గురించి చెప్పారు. ఇంటర్‌ప్రెటర్ గురించి చెప్పారు. ఆ తర్వాత మిల్లుల గురించి, వాళ్లమ్మ మగ్గం గురించి, నీటి పంపకాల గురించి. కూతురు కోటు అంచు లాగింది, ఆయన పట్టించుకోలేదు. ఆమె ఫోన్‌లో వీడియోలో ఉన్న పాత శత్రువు, ఇప్పుడు తిరిగి బార్సిలోనాలో ఉన్నా, సభాధ్యక్ష స్థానంలోని స్పీకర్‌లా, "టైమ్! టైమ్!" అని కేకలు పెడుతున్నాడు.

డైరెక్టర్ నా పక్కకు వంగి గుసగుసలాడింది. "హనీ, ఈయన్ని ఆపడం ఎలా?"

"నాకు మాట్లాడించడమే నేర్పారు," అన్నాను.

ఆయన చూపుడువేలు ఎత్తి, "చివరిగా ఒక్క మాట," అన్నారు. ప్రపంచంలో ఏ రాజకీయ నాయకుడు ఆ మాటన్నా దాని అర్థం ఒకటేనని మా గదిలో తెలుగువాళ్లమైన ఇద్దరికీ తెలుసు. మా పిల్ల నన్ను చూసి నవ్వు ఆపుకుంటూ, "ఆంటీ, కూర్చో. టైమ్ పడుతుంది," అంది. లేచి వెళ్లి అందరికీ కప్పులు పంచింది. అప్పటికే ఐస్‌క్రీమ్ పూర్తిగా కరిగిపోయింది. దాన్ని పాయసంలా తాగుతూ, గోడకు జారగిలబడి, ఆయన ఒక్కో మాటా వెతికి తెచ్చి మా ముందు పెడుతుంటే కూర్చుని విన్నాం.